అక్కడ శుక్రవారం, ఇక్కడ గురువారం

అక్టోబరు వచ్చిందంటే మా ఇంట్లో ప్రతి గురువారం రాత్రీ ఒక చిన్న తగాదా ఉంటుంది. డాలస్‌లో ఎనిమిదిన్నర అయ్యేసరికి మా ఊళ్ళో మర్నాడు పొద్దున ఏడు. అమ్మ కాఫీ తాగేసి, తల దువ్వుకుని, కొంగు తల మీదికి లాక్కుని వీడియో కాల్ చేస్తుంది. ఫోన్‌ని నీళ్ళ చెంబుకి ఆనించి పెడుతుంది కాబట్టి మాకు ఎప్పుడూ అమ్మ మొహం సగం, ఫ్యాను మొత్తం కనిపిస్తాయి.

"ఇవాళ శుక్రవారం. దుఃఖ దేవరహస్యాలు," అంటుంది అమ్మ.

"కాదు నానమ్మా, ఈరోజు థర్స్‌డే. వెలుగు రహస్యాలు," అంటాడు మావాడు.

"మీకు థర్స్‌డే ఏమో, నాకు తెల్లారింది."

"మరి నువ్వే మా ఇంటికి కాల్ చేశావు కదా!"

వాడికి పదేళ్ళు. వాదనలో వాడిది వాళ్ళ తాత పోలిక.

ఇక్కడ చదివేవాళ్ళలో చాలామంది క్యాథలిక్కులు కారు కాబట్టి రెండు ముక్కలు చెప్పాలి. జపమాలలో 59 పూసలుంటాయి. 53 పూసల మీద మంగళవార్త జపం, 6 పూసల మీద పరలోక జపం చెబుతాం. పదేసి మంగళవార్త జపాలకి ఒక దేవరహస్యం, అంటే యేసు జీవితంలోనో మరియమాత జీవితంలోనో ఒక ఘట్టం. నోటితో జపం చెబుతూ మనసులో ఆ ఘట్టాన్ని చూడాలి. రోజుకి ఐదు ఘట్టాలు. సంతోషం, దుఃఖం, మహిమ అని ఐదేసి చొప్పున మూడు వరసలు వందల ఏళ్ళుగా ఉన్నాయి. 2002 అక్టోబరులో రెండో జాన్ పాల్ పోపు గారు వెలుగు రహస్యాలని నాలుగో వరస చేర్చి, దానికి గురువారం కేటాయించారు. అంతకుముందు గురువారం సంతోష రహస్యాలది.

అప్పటికి మా అమ్మకి నలభై దాటాయి. గుడిలో అందరితో కలిసి కొత్తవి చెబుతుంది గానీ, ఇంట్లో ఒక్కతే ఉంటే ఇప్పటికీ పాత లెక్కే. కాబట్టి మా ఇంట్లో గురువారం రాత్రి జపమాలకి మూడు రకాల న్యాయం ఉంది: అమ్మ క్యాలెండరు, మా క్యాలెండరు, 2002కి ముందు క్యాలెండరు. చివరికి ఎవరు ముందు అందుకుంటే వాళ్ళదే.

మా ఊరు ఫిరంగిపురానికి దగ్గర్లోనే. మా వైపు చర్చిని గుడి అనే అంటాం. సాయంత్రం గుడి గంట కొట్టగానే త్రికాల జపం, ఆ తర్వాత అన్నాలకి ముందు ఇంట్లో జపమాల. నాకు ఊహ తెలిసేసరికే అది ఉంది, వంటిల్లు ఉన్నట్టు. వసారాలో చాప పరిచేవాళ్ళు. అమ్మ మొదలుపెట్టేది, మేము అందుకునేవాళ్ళం. నానమ్మ గోడకి ఆనుకుని కూర్చుని, ఎవరైనా తూగితే తన జపమాల సిలువ కొసతో మోకాలి మీద పొడిచేది. నాన్న గుమ్మం దగ్గర కూర్చునేవాడు. పొలం నుంచి వచ్చి కాళ్ళు కడుక్కున్న తడి ఇంకా ఆరేది కాదు. కరెంటు పోతే లాంతరు. లాంతరు వెలుగులో గుణదల మాత పటం కొంచెం కదిలినట్టుండేది. ఆ కదలడం కోసం నేను కరెంటు పోవాలని కోరుకునేవాణ్ణి.

అంత భక్తి ఉందా అంటే, నాకైతే లేదు. పదిలో ఎన్నోది అయిందో లెక్కపెట్టుకోవడమే నా ధ్యానం. కానీ ప్రతి రహస్యానికీ ముందు ఒక్కొక్కరు ఒక మనవి చెప్పాలి. అది మాత్రం చెవులు నిక్కించి వినేవాణ్ణి. ఎందుకంటే ఇంట్లో నిజాలు అక్కడే బయటికొచ్చేవి.

"కొత్త బోరులో నీళ్ళు పడాలని." "కువైట్‌లో ఉన్న తమ్ముడికి జీతం ఇవ్వట్లేదంట, వాడి కోసం." "కమీషన్ కొట్టు ఆయన ఈసారికి వడ్డీ కట్టమనకుండా ఆగాలని." ఈ ఆఖరిది నాన్నది. మిర్చి యార్డులో ధర పడిపోయిన ఏడు మా ఇంట్లో ఎంత అప్పు ఉందో నాకు, అక్కకి ఎవరూ కూర్చోబెట్టి చెప్పలేదు. మూడో దుఃఖ రహస్యానికి ముందు నాన్న గుమ్మంలో కూర్చుని దేవుడికి చెబుతుంటే మేము విన్నాం, అంతే. ఆ దసరాకి కొత్త బట్టలు అడగలేదు.

తర్వాత హాస్టలు, ఇంజనీరింగు, హైదరాబాదులో ఉద్యోగం, ఇక్కడికి రావడం. జపమాల పర్సులో ఉండేది. దాన్ని తీసింది తక్కువ.

ఐదేళ్ళ క్రితం నాన్న ఐసీయూలో ఉన్న పద్దెనిమిది రోజులూ అమ్మ ఆసుపత్రి బయట నుంచి, అక్క బెంగుళూరు నుంచి, నేను ఇక్కడి నుంచి కాన్ఫరెన్స్ కాల్‌లో కలిసి జపమాల చెప్పాం. ఆ పద్దెనిమిది రోజులు నేను లెక్క తప్పలేదు, తూగలేదు. నాన్న దక్కలేదు. తర్వాత రెండేళ్ళు నేను జపమాల ముట్టుకోలేదు. ఆదివారం పూజకి వెళ్ళేవాళ్ళం, పిల్లల్ని క్లాసుకి పంపేవాళ్ళం. ఇంట్లో మాత్రం లేదు. అమ్మకి తెలుసు. ఒక్కసారి కూడా అడగలేదు.

మళ్ళీ మొదలైంది వాడి హోంవర్కుతో. రెండో తరగతిలో ఉన్నప్పుడు మొదటి దివ్యసత్ప్రసాదానికి సిద్ధం చేసే క్లాసులో ఒక కాగితం ఇచ్చారు: మీ ఇంట్లో అందరూ కలిసి చేసే ప్రార్థన ఏంటో రాయండి, బొమ్మ వేయండి. వాడు చాలాసేపు ఆలోచించి, డైనింగ్ టేబుల్, నాలుగు కుర్చీలు వేశాడు. మూడు కుర్చీల్లో మనుషులు, నాలుగో కుర్చీలో లాప్‌టాప్. "ఇదేంటిరా?" అంటే, "అన్నానికి ముందు అమ్మ చెబుతుంది కదా నాన్నా, అప్పుడు నువ్వు మీటింగ్‌లో ఉంటావు," అన్నాడు. కంప్లైంటు కూడా కాదు. ఉన్నదే వేశాడు.

ఆ శనివారమే రంగంలోకి దిగాను. ఇంజనీరుని కదా, పద్ధతిగా దిగాను. హాల్లో ఐకియా షెల్ఫు ఒకటి బిగించి గుణదల మాత పటం, సిలువ పెట్టాను. కొవ్వొత్తి వెలిగిస్తే రెండో రోజే అపార్ట్‌మెంట్ స్మోక్ అలారం మోగింది. దాని బదులు బ్యాటరీ కొవ్వొత్తి కొన్నాను. ఫ్రిజ్ మీద చార్టు, రోజుకో స్టిక్కరు, ముప్ఫై స్టిక్కర్లకి ఒక లెగో. ఐదు రహస్యాలూ పూర్తిగా, రోజూ, ఇరవై రెండు నిమిషాలు.

పదకొండో రోజు వాడు సోఫాలో తలకిందులుగా పడుకుని కాళ్ళు గోడకి పెట్టి జపం చెబుతున్నాడు. చిన్నది జపమాలని కుందేలు బొమ్మ మెడలో వేసింది. నేను మంగళవార్త జపం మధ్యలో ఆగి, గొంతు చించుకుని అరిచాను. పిల్లలిద్దరూ బిగుసుకుపోయారు. నేను మళ్ళీ అదే జపం ఎక్కడ ఆపానో అక్కడి నుంచి అందుకున్నాను. రాత్రి పిల్లలు పడుకున్నాక మా ఆవిడ అంది: "వాళ్ళని అంత తిట్టి, వెంటనే మా తప్పులు క్షమించమని అడిగితే, ఆ షెల్ఫు మీదున్న ఆమెకి ఎలా ఉంటుందో ఆలోచించావా?"

మర్నాడు అమ్మకి ఫోన్ చేసి, పిల్లలు కుదురుగా కూర్చోవట్లేదని చెప్పాను. అమ్మ నవ్వింది. "నువ్వు కూర్చున్నావా ఏంటి? ఒక్క రహస్యం చాలు. పది పూసలు. మనవి మాత్రం అందరి చేతా చెప్పించు. పడుకుని చెప్పినా పర్లేదు, పక్కనుంటే చాలు." కాసేపాగి, "నేను కూడా వస్తాలే ఫోన్‌లో," అంది.

అప్పటినుంచీ మా ఇంట్లో రోజుకి ఒక్క రహస్యం. ఆరేడు నిమిషాలు. చార్టు తీసేశాను. లెగో మాత్రం కొనక తప్పలేదు.

ఒక చిక్కు మిగిలింది, భాష. అమ్మ తెలుగులో మొదలుపెడితే వీళ్ళు ఇంగ్లీషులో అందుకునేవాళ్ళు. రెండు సగాల పొడవూ కలవక, ఆమె అయ్యేలోపు వీళ్ళు మొదలుపెట్టేసేవాళ్ళు. అమ్మ దగ్గరున్న పాత ప్రార్థనల పుస్తకం పేజీలు ఫొటో తీసి పంపమన్నాను. అట్టలేదు, అంచులకి చీమలు దారి చేశాయి. నాకు టైపింగ్ ఎవరూ నేర్పలేదు, ఇంగ్లీషు అక్షరాలు కొట్టి తెలుగు రప్పించుకోవడమే నా విద్య. 'జ్ఞానస్నానం' కొట్టడానికి ఒక సాయంత్రం పట్టింది. ఆ పుస్తకంలో పునీతులు ఇంకా 'అర్చ్యశిష్టు'లే. పీటర్ రాయప్ప, పాల్ చిన్నప్ప, జాన్ అరుళప్ప. తమిళం వైపు నుంచి వచ్చి మా ఊళ్ళల్లో స్థిరపడిన పేర్లు. మా తాతది అందులో ఒకటి. "చిన్నప్ప అంటే పాలా? సెయింట్ పాలా?" అని మావాడు ఆశ్చర్యపోయాడు. వాడి క్లాసులో విన్న మనిషీ, వాడి ముత్తాతా ఒకే పేరు వాళ్ళని వాడికి ఆ రోజే తెలిసింది. పెద్ద అక్షరాలతో నాలుగు పేజీలు ప్రింట్ తీసి ప్లాస్టిక్ కవర్లలో పెట్టాను. పిల్లలకి తెలుగు చదవడం ఇంకా సరిగా రాదు కాబట్టి అమ్మ చెబుతుంటే వేలు పెట్టి వెంట వెళ్ళేవాళ్ళు. ఆరు నెలల్లో కాగితం అవసరం పోయింది. వాళ్ళ యాసలో 'ళ' ఇంకా 'ల'యే. మరియమాతకి ఆ మాత్రం అర్థం కాదా అంది అమ్మ.

ఇక పోయిన అక్టోబరు సంగతి.

ఒక మంగళవారం పొద్దున పదిహేను నిమిషాల మీటింగులో నా ఉద్యోగం పోయింది. హెచ్1బీ మీద ఉన్నవాళ్ళకి ఆ తర్వాత లెక్క తెలిసిందే. గరిష్ఠంగా 60 రోజులు. ఈలోపు ఇంకో కంపెనీ మన తరఫున పిటిషన్ వేయాలి, లేదా వేరే వీసాకి మారాలి, లేదా సామాను సర్దుకోవాలి. ఆ సాయంత్రం మా ఆవిడకి చెప్పాను. పిల్లలకి చెప్పొద్దనుకున్నాం. అమ్మకి అసలే చెప్పొద్దనుకున్నాం. నాన్న పోయాక ఆమెకి బీపీ ఉంది. మంగళవారం, బుధవారం రాత్రులు ఎనిమిదిన్నరకి ఫోన్ ముందు కూర్చుని, మనవి అడిగితే "లోకంలో శాంతి కోసం" అన్నాను. నాకు తెలిసి ఏమీ చెప్పదలుచుకోని వాడు చెప్పే మనవి అదే.

గురువారం. ఎప్పటిలాగే తగాదా అయింది. మావాడు గెలిచాడు. వెలుగు రహస్యాల్లో రెండోది, కానా పల్లెలో పెళ్ళి. చిన్నది మనవి చెప్పింది, స్కూల్లో చిట్టెలుక జబ్బుపడిందట. తర్వాత మావాడి వంతు. వాడు ఫోన్ వైపు చూడలేదు, నా వైపు చూడలేదు. చేతిలో పూసలు చూసుకుంటూ తెలుగులో అన్నాడు: "నాన్నకి జాబ్ లేదు. నాన్నకి జాబ్ రావాలని."

గోడలు పల్చన అని తెలుసు. అంత పల్చన అనుకోలేదు.

ఫోన్‌లో ఫ్యాను తిరుగుతున్న చప్పుడు. అమ్మ మొహం సగమే కనిపిస్తోంది. నేను ఏదో అనబోయాను.

"ఎన్నాళ్ళయింది?" అంది అమ్మ.

"మొన్న మంగళవారం."

"అన్నాలు తిన్నారా?"

"తిన్నామమ్మా."

"సరే," అని పరలోక జపం అందుకుంది. పది పూసలూ చెప్పింది. గొంతు మామూలుగానే ఉంది. మా ఆవిడ మధ్యలో లేచి వంటింట్లోకి వెళ్ళి, మొహం కడుక్కుని వచ్చి కూర్చుంది. నాకు ఏ పూసలో ఉన్నామో తెలియలేదు. మావాడే వేలితో చూపించాడు.

అయిపోయాక పిల్లల్ని పళ్ళు తోముకోమని పంపి ఫోన్ తీసుకున్నాను. కోప్పడుతుందనుకున్నాను. "నీకు చెప్పకూడదని కాదమ్మా, కంగారు పడతావని," అన్నాను.

అమ్మ అంది: "కానా పెళ్ళిలో ఆమె ఏం చేసింది? ద్రాక్షారసం అయిపోయిందని చెప్పింది. అంతేగా. ఇలా చెయ్యి, అలా చెయ్యి అని కొడుక్కి చెప్పలేదు. ఇంట్లో లేనిది లేదని చెప్పింది. వాడూ అదే చెప్పాడు. పసివాడు. నువ్వు ఎందుకు చెప్పలేకపోయావు? మీ నాన్న గుమ్మంలో కూర్చుని అప్పులు చెప్పేవాడు కాదా?"

నా దగ్గర జవాబు లేదు. ఇప్పటికీ లేదు. పిల్లలకి కష్టం తెలియకుండా పెంచాలని మా తరం గట్టిగా అనుకుంది. అందుకే సముద్రాలు దాటి వచ్చాం. కానీ ఆ రెండు రోజులూ తలుపు వేసుకుని మేము గుసగుసలాడుతుంటే, అవతల ఒక తొమ్మిదేళ్ళ పిల్లాడు ఒక్కడే చీకట్లో వింటూ పడుకున్నాడు. వాడికి కష్టం తెలియకుండా చేయలేకపోయాం, తోడు లేకుండా మాత్రం చేశాం. మా నాన్న వడ్డీ సంగతి మాకు తెలిసిన రాత్రి మేము భయపడ్డాం, కానీ ఐదుగురం కలిసి భయపడ్డాం. చాప మీద, మోకాళ్ళు తగిలేంత దగ్గరగా.

ఉద్యోగం వచ్చింది. యాభై రెండో రోజున కొత్త కంపెనీ పిటిషన్ వేసింది. జీతం తగ్గింది, ప్రయాణం పెరిగింది. జపమాల చెప్పాం కాబట్టి వచ్చిందని నేను రాయను. రాస్తే, మరి నాన్న కోసం చెప్పిన పద్దెనిమిది రోజుల సంగతేంటని నన్ను నేనే అడుగుతాను. ఆ లెక్క నాకు తేలలేదు. అమ్మని ఒకసారి అడిగాను. "నేనూ అడుగుతున్నాలే, రోజూ," అంది. అడుగుతూనే చెబుతోందన్నమాట. అది తెలిశాక నాకు కొంచెం తేలికైంది. అడగడం మానేస్తేనే చెప్పొచ్చని నేను అనుకున్నాను ఇన్నాళ్ళూ.

ఇంట్లో ప్రార్థన పెట్టుకోవాలనుకునే స్నేహితులు ఒకరిద్దరు, ఎలా చేస్తున్నారని అడుగుతుంటారు. నాకు తెలిసింది తక్కువే. చిన్నగా పెట్టుకోండి. అన్నం తర్వాతో, పడుకునే ముందో, రోజూ ఉండే పనికి తగిలించండి. విడిగా టైము దొరకదు. తపస్సు కాలంలో శుక్రవారాలు సిలువ మార్గం మొత్తం కూర్చోబెట్టి చెప్పించలేక, 14 స్థలాలూ పిల్లల చేతే కాగితాల మీద బొమ్మలు వేయించి, బాత్రూమ్ దాకా ఉన్న దారిలో గోడకి అంటించాం. రోజుకి ఒక బొమ్మ దగ్గర ఆగుతాం. చిన్నది ఆరో స్థలంలో వెరోనికమ్మ చేతికి పేపర్ టవల్ ఇచ్చింది, మేము మార్చలేదు. కదిలినందుకు తిట్టకండి. నేను తిట్టాను, దానికి ఫలితం కుందేలు బొమ్మ కూడా నన్ను చూసి జడుసుకోవడమే. అన్నిటికన్నా ముఖ్యం, మనవి అందరూ చెప్పాలి. పెద్దవాళ్ళు కూడా. లోకంలో శాంతి కాకుండా.

ఇప్పుడు మా అమ్మకి వెలుగు రహస్యాలు ఐదూ వరసగా వచ్చేశాయి. యొర్దాను నదిలో జ్ఞానస్నానం దగ్గర్నుంచి చివరి భోజనం దాకా. మనవడు నేర్పాడు. మా గుడిలో పక్కన కూర్చునేవాళ్ళకి చూడకుండా చెప్పి చూపించిందట. వాడికి దుఃఖ రహస్యాలు ఆమె నేర్పుతోంది. మూడోది వచ్చినప్పుడల్లా, మీ తాత అప్పుల గురించి చెప్పింది ఇక్కడే అని గుర్తుచేస్తుంది.

పోయిన వారం తగాదాకి ఒక పరిష్కారం కూడా చెప్పింది. "అక్కడ మీది, ఇక్కడ నాది. చెరో పది చెబుదాం." అంటే గురువారాలు ఇరవై పూసలు. మావాడు నా వైపు చూశాడు. ఒప్పుకోక తప్పలేదు.

ఇవాళ గురువారమే. ఎనిమిదీ ఇరవై అయింది. చిన్నది బ్యాటరీ కొవ్వొత్తి స్విచ్ నొక్కి చూసింది, వెలగలేదు. బ్యాటరీలు ఏ డ్రాయరులో ఉన్నాయో వెతకాలి. ఈలోపు ఫోన్ మోగుతుంది.